ఫెరెట్‌ను టీకాకు తీసుకెళ్లే ముందు

• అమెరికాలో కూడా కుక్కలు, పిల్లుల డాక్టర్లందరూ ఫెరెట్లను (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువులు) చూడరు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

• డిస్టెంపర్ (ఒక వైరస్ జబ్బు), రేబిస్ టీకాలు తప్పనిసరిగా వేయించండి. డిస్టెంపర్ సోకితే ఇక ఆశ లేనట్టే.

• కిందటిసారి రియాక్షన్ వచ్చి ఉంటే సూది వేయకముందే చెప్పాలి. వేశాక కనీసం అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. వాంతులు, విరేచనాలు అయినా, చర్మం ఎర్రబడినా వెంటనే పిలవండి.

• రక్తపరీక్ష ఉందని రాత్రంతా పస్తు పెట్టకండి, ఇది మాత్రం మరవద్దు! ఎన్ని గంటలు ఆపాలో డాక్టరునే అడగండి. మూడేళ్లు దాటినవాటిలో ఇన్సులినోమా (రక్తంలో చక్కెరను పడగొట్టే క్లోమగ్రంథి గడ్డ) మామూలే. చక్కెర పడిపోతే వెనక కాళ్లు ఈడుస్తుంది, చొంగ కారుస్తూ మూతి గోక్కుంటుంది. చిగుళ్లకు కాస్త తేనె రాసి పరిగెత్తండి.

• తోక దగ్గర వెంట్రుకలు ఊడుతుంటే ఫొటో తీసుకెళ్లండి, అడ్రినల్ (మూత్రపిండాల దగ్గరుండే గ్రంథి) జబ్బు కావచ్చు.

• మీకు ఫ్లూ ఉంటే ఇంకొకరిని పంపండి. అది దానికీ అంటుకుంటుంది.