కారు విడిభాగాల డిజైన్‌కు చట్టరక్షణ పొందే విధానం

కారు కొన్న తరువాత యజమానులు బిగించుకునే గ్రిల్, స్పాయిలర్, అల్లాయ్ వీల్ వంటి వాటిని సొంతంగా రూపొందించే చిన్న తయారీదారులు సాధారణంగా పేటెంట్ గురించే అడుగుతారు. మన దేశంలో వస్తువు బాహ్యరూపానికి రక్షణ కల్పించేది పేటెంట్ల చట్టం కాదు, 2000 నాటి డిజైన్ల చట్టం. భాగం పనిచేసే తీరులోనే కొత్త ఆవిష్కరణ ఉంటే దానికి పేటెంట్ దరఖాస్తు విడిగా వేయాలి.

విడిగా తయారుచేసి విడిగా అమ్మగలిగిన భాగాన్ని కూడా డిజైన్ల చట్టం వస్తువుగానే పరిగణిస్తుంది కనుక విడిభాగాలకు రిజిస్ట్రేషన్ లభిస్తుంది. అయితే కంటికి కనిపించే ఆకారానికి, అలంకరణకే ఈ రక్షణ. కేవలం కారుకు అమరడం కోసం పెట్టిన క్లిప్పులకు, బోల్టు రంధ్రాలకు అది వర్తించదు.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు కొత్తదనం, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే. దరఖాస్తు దాఖలు కాకముందే నమూనా ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టినా, డీలర్లకు నాలుగు ముక్కలు అమ్మినా, ఆ డిజైన్ బహిర్గతమైనట్లే లెక్క. తరువాత రిజిస్ట్రేషన్ వచ్చినా, ప్రత్యర్థి దాన్ని చూపించి రద్దు చేయించగలడు. ప్రదర్శనలకు మినహాయింపు ఉన్నా అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన వాటికే పరిమితం. ముందుగా డిజైన్ల రిజిస్ట్రేషన్ చూసే అధికారి అయిన కంట్రోలర్‌కు నోటీసు ఇచ్చి, ప్రదర్శించిన ఆరు నెలల లోపల దరఖాస్తు చేయాలి. కాబట్టి అచ్చు తయారుచేసే వర్క్‌షాపుతో సైతం గోప్యతా ఒప్పందం రాయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

దాఖలుకు ముందు పేటెంట్ కార్యాలయ వెబ్‌సైట్‌లో ఇప్పటికే రిజిస్టరైన డిజైన్లను వెదకండి; కార్ల కంపెనీలు తమ బంపర్లను, వీల్స్‌ను రిజిస్టర్ చేయించి ఉండవచ్చు. ఫారం 1తోపాటు ముందు, వెనుక, కుడి, ఎడమ, పై, కింది దృశ్యాలను, ఒక పెర్‌స్పెక్టివ్ (ఏటవాలుగా చూసిన) దృశ్యాన్ని స్పష్టంగా జతచేయాలి. కార్ల కంపెనీ లోగో వాటిలో కనిపించకూడదు, ఎందుకంటే ట్రేడ్‌మార్కు డిజైన్ కిందికి రాదు. డిజైన్లను వస్తువు రకాన్ని బట్టి విభజించే తరగతుల్లో వాహన విడిభాగాలు సాధారణంగా 12-16లోకి, వాహన దీపాలు 26-06లోకి వస్తాయి. రుసుము వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 1,000 రూపాయలు, ఇతరులకు 4,000.

రక్షణ మొదట 10 ఏళ్లు, గడువులోగా రుసుము కడితే మరో 5 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ వచ్చాక వస్తువు మీద చట్టం కోరిన గుర్తు వేయడం మరువకండి. అది లేకపోతే కాపీదారుల నుంచి నష్టపరిహారం రాబట్టడం కష్టమవుతుంది. దావాను జిల్లా కోర్టులో వేయవచ్చు గాని, డిజైన్ రద్దు చేయదగినదని ప్రతివాది వాదిస్తే కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది.

డిజైన్ రిజిస్టరైనంత మాత్రాన ఆ భాగాన్ని రోడ్డు మీద వాడే అనుమతి వచ్చినట్లు కాదు. వాహనాలకు బుల్ బార్లు, క్రాష్ గార్డులు (బంపర్‌కు అదనంగా బిగించే లోహపు కడ్డీలు) అమర్చడం మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. అటువంటి భాగాల మీద పెట్టుబడి పెట్టే ముందు మోటారు వాహనాల చట్టాన్ని చూడాలి.