కార్గో ట్రైలర్‌కు ఇన్సులేషన్ వేసే ముందు జాగ్రత్తలు

అమెరికా చలికాలంలో ట్రైలర్‌లో పడుకోవాలనుకునేవాళ్లు ఫోమ్ షీట్లు కొనే ముందు ఇవి చూసుకోండి.

- పైకప్పు, తలుపు అంచులు, స్క్రూల మీద పైపుతో నీళ్లు కొట్టండి. లోపల చెమ్మ కనిపిస్తే సీల్ చేసి, పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టండి.
- గాజు ఉన్ని వద్దు, తడిస్తే త్వరగా ఆరదు. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఫోమ్ మేలు, అంగుళం మందానికి సుమారు ఆర్-5 (ఆర్ అంటే వేడిని ఆపే శక్తి కొలత, ఎక్కువైతే మేలు).
- అసలు చిక్కు ఇనుప ఫ్రేమ్‌తోనే. మధ్యలో ఎంత ఫోమ్ నింపినా, చల్లబడిన ఆ ఇనుము మీదే ఆవిరి నీళ్లుగా మారుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. దయచేసి ఇక్కడ తొందరపడొద్దు. ఫ్రేమ్ మీదుగా కూడా పలుచని ఫోమ్ షీటు పరిచి, అతుకులన్నిటికీ టేప్ వేయండి.
- హీటర్‌లో వాడే ప్రొపేన్ గ్యాస్ కిలో మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. కాబట్టి పొగ బయటికి పోయే హీటరే పెట్టండి. రూఫ్ వెంట్ కొంచెమైనా తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.