చలికాలంలో కారు మైలేజీ పడిపోతోందా? ఇలా చేసి చూడండి

మినియాపొలిస్‌లోనో షికాగోలోనో మొదటి చలికాలం గడుపుతున్న మనవాళ్లు జనవరిలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్టోబరులో గ్యాలన్‌కు 30 మైళ్లు వచ్చేది, ఇప్పుడు 24 దాటడం లేదు. షాపులో చూపించాలా?" చాలాసార్లు అక్కర్లేదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం, ఊళ్లో తిరిగే మామూలు పెట్రోలు కారు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చే మైలేజీతో పోలిస్తే మైనస్ 7 దగ్గర సుమారు 15 శాతం తక్కువ ఇస్తుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పడుతుంది. పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్లకైతే 30 శాతం పైనే.

అందరి అనుమానమూ హీటెడ్ సీట్ల మీద, వెనకద్దం మీది మంచును కరిగించే డీఫ్రాస్టర్ మీద ఉంటుంది. వాటి వాటా ఉంది కానీ చిన్నదే. ఎక్కువ తినేది వేడెక్కని ఇంజిన్. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి కంప్యూటర్ మామూలు కంటే ఎక్కువ పోస్తుంది. ఆయిల్ చిక్కబడి లోపలి భాగాలు బరువుగా తిరుగుతాయి. అందుకే మన పని కూడా ఆ వరుసలోనే.

1. ముందు కొలవండి

డ్యాష్‌బోర్డు చెప్పే అంకెను పూర్తిగా నమ్మకండి. ట్యాంకు నిండా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ నింపినప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గ్యాలన్లతో భాగించండి. వీలైతే రెండుసార్లూ ఒకే బంకులో నింపించండి. ఫోన్‌లో రాసుకుంటే చాలు.

2. రిమోట్ స్టార్ట్ తగ్గించండి

నాకూ ఆ అలవాటు ఉండేది. కాఫీ కలుపుకుంటూ వంటింట్లోంచే బటన్ నొక్కేవాణ్ని, కారు పావుగంట అలా గుర్రుగుర్రుమంటూ ఉండేది. ఊరికే ఆన్‌లో ఉన్న ఇంజిన్ గంటకు పావు నుంచి అర గ్యాలన్ తాగుతుంది. పొద్దున పావుగంట, ఆఫీసు నుంచి బయల్దేరే ముందు పావుగంట, నెలకు 22 పనిదినాలు: సుమారు మూడు నుంచి అయిదున్నర గ్యాలన్లు. ఒక్క మైలు కూడా తిరగకుండానే!

ఇప్పటి కార్లకు అర నిమిషం చాలు. ఆ తర్వాత మెల్లగా నడపడం మొదలుపెట్టండి. నిలబెట్టి ఉంచినప్పటి కంటే నడుస్తున్నప్పుడే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ముందు అద్దం మీద మంచు మాత్రం పూర్తిగా గీకాకే కదలండి, అక్కడ పిసినారితనం వద్దు. తలుపు మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వదిలేయడం ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది.

3. పనులన్నీ ఒక్క చుట్టులో

పొద్దున పాలకు, మధ్యాహ్నం ఇండియన్ స్టోర్‌కు, సాయంత్రం గుడికి అని మూడుసార్లు బయటికి తీస్తే ఇంజిన్ మూడుసార్లు మొదటి నుంచి వేడెక్కాలి. అన్నీ కలిపి, ముందు దూరంగా ఉన్న చోటికి వెళ్లి, తిరిగొస్తూ దగ్గరి పనులు చూసుకోండి. వేడెక్కిన ఇంజిన్ అరగంట ఆగినా వెంటనే చల్లబడిపోదు.

4. టైర్లు

ప్రతి 10 ఫారెన్‌హీట్ డిగ్రీల చలికి టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే యూనిట్) తగ్గుతుంది. 60 డిగ్రీల రోజున 35 ఉన్న టైరు సున్నా రోజున 29 చూపిస్తుందన్నమాట. కారు కదిలించకముందే చూడండి. పెట్టాల్సిన అంకె డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది, టైరు పక్కన అచ్చువేసింది కాదు.

5. ఇప్పుడు స్విచ్చుల సంగతి

వెనకద్దం డీఫ్రాస్టర్‌కు 150-200 వాట్లు, ఒక్కో హీటెడ్ సీటుకు 50-100, గట్టిగా తిరిగే బ్లోయర్‌కు ఇంకో 150 దాకా. మొత్తం 500 అనుకుందాం. ఈ కరెంటు ఆల్టర్నేటర్ ఇస్తుంది, దాన్ని ఇంజిన్ బెల్టుతో తిప్పాలి. పెట్రోలులోని శక్తిలో తీగ దాకా చేరేది సుమారు 15 శాతమే. ఆ లెక్కన 500 వాట్లు గంటసేపు కావాలంటే గ్యాలన్‌లో దాదాపు పదో వంతు కాలుతుంది. హైవే మీద గంటకు రెండు గ్యాలన్లు తాగే కారుకు అది 5 శాతం. ట్రాఫిక్‌లో పాకుతూ ముప్పావు గ్యాలనే తాగుతున్నప్పుడైతే 13 శాతం. ఆ ట్రాఫిక్‌లోనే స్విచ్చుల మీద కన్నేయాలి.

వెనకద్దం తేటపడగానే డీఫ్రాస్టర్ ఆపండి. కొన్ని కార్లలో అదే ఆగుతుంది, కొన్నింటిలో ఆగదు. ముందు అద్దానికి డీఫ్రాస్ట్ పెడితే చాలా కార్లలో గాలిలో తేమ తీయడానికి ఏసీ కంప్రెసర్ కూడా ఆన్ అవుతుంది, లైటు వెలగకపోయినా సరే. అద్దం శుభ్రపడ్డాక గాలిని కాళ్ల వైపు తిప్పేయండి.

మామూలు కారులో హీటర్ వేడి ఉచితం, ఇంజిన్ ఎలాగూ పారేసే వేడే అది. కాబట్టి మొదటి అయిదు నిమిషాలు సీటు వేడి పెట్టుకుని, హీటర్ గాలి వెచ్చబడ్డాక సీటు ఆపేయండి. హైబ్రిడ్‌లో లెక్క తిరగబడుతుంది: హీటర్ కోసమే ఇంజిన్ ఆన్ అవుతూ ఉంటుంది కాబట్టి అక్కడ సీటు వేడే చవక.

6. ఇంకాస్త చలి ఉంటే

మినెసోటా, నార్త్ డకోటా వైపు కారు ముందు నుంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. అది బ్లాక్ హీటర్ తీగ, అంటే కరెంటుతో ఇంజిన్‌ను ముందే వెచ్చబరిచే హీటర్‌ది. రాత్రంతా పెట్టక్కర్లేదు, టైమర్‌తో బయల్దేరే రెండు గంటల ముందు ఆన్ అయితే చాలు. ఆయిల్ మార్చేటప్పుడు మీ కారు పుస్తకంలో రాసిన గ్రేడే అడగండి. 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి గ్రేడు ఉండాల్సిన చోట చిక్కటిది పోయించుకోకండి.

ఇవన్నీ చేశాక కూడా మైలేజీ కోలుకోకపోతే టెంపరేచర్ ముల్లు చూడండి. 20 నిమిషాలు నడిపినా అది మామూలు చోటుకు రాక, హీటర్ గోరువెచ్చగానే ఊదుతుంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు మాత్రం షాపుకు తీసుకెళ్లండి.