ఒసాకా యూనివర్సల్ పార్కుకు విశాఖ నుంచి వెళ్లేవారు టికెట్టు కొనే ముందు తెలుసుకోవలసినవి

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండటం వల్ల మన ఊరివారిలో చాలామంది విదేశీ థీమ్ పార్కును మొదటిసారి చూసేది సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్‌లోనే. ఆ తర్వాత పిల్లలు జపాన్‌లోని ఒసాకా పార్కు గురించి అడగడం మొదలుపెడతారు. పేరు ఒకటే కదా, చూసిందే చూడటానికి అంత దూరం వెళ్లాలా అన్నది అప్పుడు పెద్దలకు కలిగే సందేహం. పేరు ఒకటే అయినా ఆ రెండు పార్కుల యజమానులు వేరు, లోపల కట్టిన లోకాలు కూడా చాలావరకు వేరు. అందువల్ల ప్రయాణం తలపెట్టినవారు అన్నిటికంటే ముందు ఆ పార్కు ఎవరిదో తెలుసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

సెంటోసా పార్కు జెంటింగ్ సింగపూర్ సంస్థది; యూనివర్సల్ పేరును ఆ సంస్థ లైసెన్సు మీద వాడుకుంటోంది. టోక్యో డిస్నీల్యాండ్ సంగతి కూడా అటువంటిదే. 1983లో తెరిచిన నాటి నుంచి దాన్ని నడుపుతున్నది ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. ఒసాకా పార్కు మాత్రం నేడు అమెరికాకు చెందిన కామ్‌కాస్ట్ వారి వినోద సంస్థ ఎన్‌బీసీ యూనివర్సల్ చేతిలో పూర్తిగా ఉంది. కనుక ఒకచోట తీసుకున్న పాసు మరొకచోట చెల్లుతుందని అనుకోకండి. టికెట్టు అమ్మే పేజీ అడుగున ఉండే నిబంధనలలో ఏ కంపెనీ పేరు ఉందో చదివి, పార్కు సొంత వెబ్‌సైటులో గానీ, తన తరఫున అమ్ముతారని పార్కే పేర్కొన్నవారి దగ్గర గానీ మాత్రమే కొనండి.

ఈ పార్కు చేతులు మారిన తీరు తెలిస్తే, లోపల కనిపించేవి ఎందుకు అలా ఉన్నాయో కూడా అర్థమవుతుంది. 2001 మార్చి 31న తెరిచినప్పుడు ఒసాకా నగరమే దానిలో అతిపెద్ద వాటాదారు. మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ ఒక వినోద పార్కులో ప్రధాన వాటా తీసుకున్నట్టు ఊహించుకోండి. మొదటి ఏడాది కోటీ పది లక్షల మంది వచ్చినా, మరుసటి ఏడాదికే జనం బాగా తగ్గిపోయారు. 2005లో అమెరికా పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ పెట్టుబడి పెట్టింది, 2007లో షేర్లు టోక్యో మార్కెట్లో నమోదయ్యాయి, 2009లో గోల్డ్‌మన్ శాక్స్ ముందుండి షేర్లను కొనిపించి కంపెనీని మార్కెట్ నమోదు నుంచి తప్పించింది. 2014 జులై 15న తెరిచిన హ్యారీ పోటర్ లోకం ఈ దశలోనే, 4,500 కోట్ల యెన్ల ఖర్చుతో వచ్చింది. ఎన్‌బీసీ యూనివర్సల్ 2015లో 51 శాతం వాటాను 150 కోట్ల డాలర్లకు కొన్నది. 2017లో మిగిలిన 49 శాతానికి 230 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. రెండేళ్ల తేడాతో తక్కువ వాటాకు ఎక్కువ సొమ్ము పోయవలసి వచ్చిందంటే, ఆలోగా పార్కు విలువ ఎంత పెరిగిందో గ్రహించవచ్చు. ఆ తర్వాత 2021 మార్చి 18న, 6,000 కోట్ల యెన్లకు పైగా వెచ్చించి, జపాన్ వీడియో గేముల కంపెనీ నింటెండో ఆటల లోకమైన సూపర్ నింటెండో వరల్డ్‌ను ప్రపంచంలోనే మొదటిసారిగా తెరిచారు. 2024 డిసెంబర్ 11న దానికి డాంకీ కాంగ్ అనే గొరిల్లా ఆట లోకం, డాంకీ కాంగ్ కంట్రీ తోడైంది. మీ రోజంతా ఈ లోకాల చుట్టూనే అల్లుకోవాలని నా సలహా. మిగిలినవి వీలును బట్టి చూడవచ్చు.

మనిషిని తనలో లీనం చేసుకునే ఆకర్షణ అంటే ఏమిటో మన ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ఎక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు. తల వంచి గుండ్రని ద్వారాలు దాటుతూ పోతుంటే బయట ఇసుక, ముంత మసాలా బండ్లు ఉన్న సంగతే మరిచిపోతాం. ఒసాకాలో అదే అనుభవం కలిగేలా పనిగట్టుకుని కట్టారు. నింటెండో లోకంలోకి పెద్ద ఆకుపచ్చ గొట్టం గుండా వెళ్లాలి. ఆ గొట్టం మారియో ఆటలోని పీచ్ రాకుమారి కోటలోకి చేరుస్తుంది. కోట గడప దాటగానే నాణేలు గిరగిరా తిరుగుతూ, కొండలు అంచెలంచెలుగా పైకి లేస్తూ ఆట తెర మొత్తం ఒక్కసారిగా కళ్లముందుకు వస్తుంది. హ్యారీ పోటర్ ఊరికి వెళ్లే దారిలో కూడా ముందు అడవిని దాటించి, మిగతా పార్కును కంటికి కనపడకుండా చేశారు. ఈ ద్వారాల దగ్గర పరుగెత్తకండి. పిల్లలను ముందు నడవనిచ్చి మీరు వెనక రండి.

నింటెండో లోకంలో పవర్ అప్ బ్యాండ్ అనే చేతిపట్టీని విడిగా అమ్ముతారు. దాన్ని ఫోన్‌లోని పార్కు యాప్‌తో జతచేసి, ప్రశ్న గుర్తున్న పెట్టెను కిందినుంచి అరచేత్తో చరిస్తే టింగుమని మోగి యాప్‌లో నాణెం పడుతుంది. చిన్న చిన్న ఆటలు గెలిచి మూడు తాళంచెవులు సంపాదించినవారికే చివరి పోరులో ప్రవేశం ఉంటుంది. కుటుంబమంతటికీ పట్టీలు అవసరం లేదు కానీ, పిల్లలకు మాత్రం తప్పక కొనండి, ఎందుకంటే అది లేకపోతే అక్కడ వారు చూసేవారిగానే మిగిలిపోతారు. మారియో కార్ట్ రైడ్‌లో కళ్లద్దాల వంటి పరికరం పెట్టుకుంటే ఎదుటి దృశ్యం మీద ప్రత్యర్థులు కనిపిస్తారు. బండి వేగం తక్కువే కాబట్టి పెద్దవారు కూడా నిశ్చింతగా ఎక్కవచ్చు. దీనికి ఒంటరిగా ఎక్కేవారు 122 సెంటీమీటర్లు, తోడుతో ఎక్కే పిల్లలు 107 సెంటీమీటర్లు ఉండాలి. హ్యారీ పోటర్ కథలోని మంత్రవిద్యల బడి అయిన హాగ్వర్ట్స్ కోటలోని రైడ్‌కు 122 ఉండి తీరాలి. రోబో చేయి మనల్ని పట్టి అన్ని వైపులకూ వంచుతుంది కనుక కళ్లు తిరిగే అలవాటున్నవారు భోజనం చేసిన వెంటనే ఎక్కకూడదు. బయలుదేరే ముందే పిల్లల ఎత్తును గోడ మీద కొలిచి చూసుకోండి.

టికెట్ల విషయంలో జాగ్రత్త అవసరం. మా వీధిలోని ఒక కుటుంబం ఎక్స్‌ప్రెస్ పాసు కొని, అదే ప్రవేశ టికెట్టు అనుకుని గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ పాసు రైడ్ల క్యూలో సమయం తగ్గించడానికే. ప్రవేశ టికెట్టు విడిగా కొనాలి, దాని ధర తేదీని బట్టి మారుతుంది. రద్దీ రోజుల్లో నింటెండో లోకంలోకి వెళ్లడానికి వేళ నిర్ణయించిన చీటీ కావాలి. పార్కులోకి అడుగుపెట్టగానే యాప్ తెరిచి, అందరి టికెట్లూ నమోదు చేసి, మొదట ఆ చీటీ తీసుకోండి.

మన బడులకు ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు మొదలయ్యేసరికి జపాన్‌లో గోల్డెన్ వీక్ సెలవులు వస్తాయి. అప్పటి క్యూలు సింహాచలం చందనోత్సవం రోజును తలపిస్తాయి. మే మొదటి వారం దాటాక వెళ్లడం మేలు. జూన్‌లో అక్కడ వానలు పడతాయి.

బయటి ఆహారాన్ని లోపలికి రానివ్వరు. కూరగాయల వంటకాల్లో కూడా ఎండుచేపలతో కాచే దాషి అనే రసం కలిసి ఉండవచ్చు కనుక శాకాహారులు ముందు అడిగి తెలుసుకోవాలి. మాటలు ఎక్కువగా జపనీస్ భాషలోనే ఉంటాయి కాబట్టి, కథ తెలియని పెద్దవారికి హ్యారీ పోటర్ కథను విమానంలోనే క్లుప్తంగా చెప్పి ఉంచండి. సాయంత్రం దీపాలు వెలిగాక కోటను మరోసారి చూసి, యూనివర్సల్ సిటీ స్టేషన్‌లో రైలెక్కి నిషికుజోలో మారితే ఒసాకా స్టేషన్‌కు చేరుకోవచ్చు.