బ్యాంకాక్‌లో మొదటి వారం: ముందు మీ సందు నేర్చుకోండి

కొన్నాళ్లు ఉండడానికి బ్యాంకాక్ వెళ్తున్నవాళ్లు దిగిన మర్నాడే గుళ్లూ గోపురాలూ చూడ్డానికి బయల్దేరకండి. ముందు మీరుండే సందు నేర్చుకోండి. మావారి ఉద్యోగం కోసం తెనాలి నుంచి వెళ్లినప్పుడు నాకీ మాట చెప్పినవాళ్లు లేరు. వారమంతా టెన్షన్‌తోనే గడిచింది.

సందుని అక్కడ సొయి అంటారు. సుకుంవిత్ రోడ్డుకి ఒకవైపు సొయిలన్నీ బేసి నంబర్లు, రెండోవైపు సరి నంబర్లు. కానీ రెండు వైపులా అంకెలు కలిసి నడవవు. ఒక ఇల్లు చూడ్డానికి 38వ సొయికి వెళ్లాలి. 39 పక్కనే ఉంటుంది కదా అని ఫ్రోమ్ ఫోంగ్ స్టేషన్‌లో దిగాను. 39 ఉంది గానీ, దానికి ఎదురుగా ఉన్నది 24. నాకు కావలసిన 38 'థోంగ్ లో' అనే తర్వాతి స్టేషన్ దగ్గర, 55కి ఎదురుగా ఉంది! పిల్లని ఎత్తుకుని ఆ ఎండలో అంత దూరం నడిచాను. అందుకే సొయి నంబరుతో పాటు స్టేషన్ పేరు కూడా అడిగి రాసుకోండి. అడ్రసు థాయ్ లిపిలో ఫోన్‌లో ఉంచుకోండి. సొయి మొదట్లో నారింజ రంగు జాకెట్లతో మోటార్‌సైకిల్ టాక్సీవాళ్లుంటారు. వాళ్లకి ఆ అడ్రసు చూపిస్తే చాలు, లోపలిదాకా దింపుతారు.

ఇల్లు తీసుకున్నాక మీరు దిగిన సంగతి 24 గంటల్లోగా ఇమిగ్రేషన్‌కి తెలపాల్సింది ఇంటి ఓనరు. దాన్ని టీఎం30 అంటారు. రసీదు అడిగి దగ్గర పెట్టుకోండి.

ఉదయం 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో జాతీయగీతం వస్తుంది. అందరూ ఉన్నచోటే ఆగిపోతారు, మీరూ ఆగండి.

భాష రాదని భయపడొద్దు. ఆహారాన్ని వాళ్లు ఆహాన్ అంటారు, వేళని వేలా అంటారు. భాషంటే ఫాసా. శాకాహారం అని చెప్పడానికి 'మంగ్‌సవిరత్' అనాలి. మాంస విరతి! ఇది తెలిసిన రోజున నాకు సొంతవాళ్లు కనబడ్డట్టయింది. అయితే మాంసం వేయకపోయినా చేపల సాస్ వేస్తారు. కాబట్టి 'మై సాయ్ నామ్ ప్లా' అని కూడా చెప్పాలి, అంటే చేపల సాస్ వద్దని. పసుపు జెండా మీద ఎర్రగా เจ అన్న అక్షరాలుంటే అది 'జే' భోజనం, అంటే కఠినమైన శాకాహారం. అందులో గుడ్డు, పాలే కాదు, వెల్లుల్లి కూడా ఉండదు.

పాలు కొనేటప్పుడు జాగ్రత్త. మొదటిసారి తెచ్చినవి తియ్యటి పాలు, కాఫీకి తప్ప పనికిరాలేదు. ప్యాకెట్ మీద จืด అని ఉంటే చక్కెర లేనివి. తేదీలో 2568 అని కనబడితే కంగారుపడకండి, అది బౌద్ధ శకం. 543 తీసేస్తే మన 2025.

పప్పులు, పోపు సామాను కోసం సామ్ యోత్ మెట్రో స్టేషన్‌లో దిగి, మనవాళ్ల దుకాణాలుండే పాహురాత్ బజారుకి వెళ్లండి. నాకు తోడుకి పెరుగు కూడా అక్కడే దొరికింది. అక్కడి జాస్మిన్ బియ్యానికి నీళ్లు తగ్గించి పోయాలి, లేకపోతే ముద్దవుతుంది. పాలు తోడుపెట్టి స్టవ్ పక్కన ఉంచితే, ఆ ఊరి వేడికి ఐదు గంటల్లో గడ్డ పెరుగు.