తిరుపతిలో కూర్చుని మిక్స్‌డ్ కర్లింగ్ ప్రపంచ పోటీలు చూడటం ఎలా

కర్లింగ్ అంటే ఐస్ మీద గ్రానైట్ రాళ్లు జారవిడిచి వలయాల మధ్యకు దగ్గరగా ఆపే ఆట. మిక్స్‌డ్ పేరుతో ఇందులో రెండు రకాలున్నాయి. 2018 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది మిక్స్‌డ్ డబుల్స్, అందులో జట్టుకు ఇద్దరే. నేను చెప్పబోయేది నలుగురు ఆడే మిక్స్‌డ్ గురించి, అంటే ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. దీని ప్రపంచ పోటీలు 2015లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మొదలయ్యాయి, మొదటిసారి నార్వే గెలిచింది. ఒలింపిక్స్‌లో లేదు కదా అని దీన్ని వదిలేయకండి, నా లెక్కలో కర్లింగ్ మొత్తంలో చూడాల్సిన ఆట ఇదే.

నేరుగా మ్యాచ్ పెడితే ఏమీ అర్థం కాక ఐదు నిమిషాల్లో ఆపేస్తారు, కాబట్టి ముందు ఒక చిన్న పని చేయండి. సాయంత్రం మిద్దె మీదికి వెళ్లి, ఒకరు తాడు ఒక కొస నేలకు అదిమి పట్టుకుంటే ఇంకొకరు రెండో కొసకు సుద్దముక్క కట్టి ఆరడుగుల దూరంలో చుట్టూ ఒక గీత గీయండి. దాని లోపల నాలుగడుగులకు ఒకటి, రెండడుగులకు ఒకటి, నడిమధ్యన ఒక చిన్న సున్నా. దీన్నే హౌస్ అంటారు. ఫోన్‌లో చిన్నగా కనిపించే ఆ రంగుల వలయాల అసలు సైజు ఇది. ఆడే ఐస్ పట్టీ మొత్తం పొడవు 150 అడుగులు, 20 కిలోల దాకా బరువుండే గ్రానైట్ రాయిని అటు చివరి నుంచి జారవిడిచి ఇక్కడ ఆపాలి.

ఇప్పుడు వంటింట్లోంచి స్టీలు గ్లాసులు కొన్ని, ప్లాస్టిక్ గ్లాసులు కొన్ని తెచ్చి హౌస్‌లో పెట్టండి, స్టీలువి ఒక జట్టు రాళ్లు, ప్లాస్టిక్‌వి అవతలి జట్టువి. మధ్యకు అన్నిటికన్నా దగ్గరగా స్టీలు, దాని తర్వాత ఇంకో స్టీలు, ఆ తర్వాత ప్లాస్టిక్, దాని వెనక మళ్లీ స్టీలు ఉందనుకోండి. స్టీలుకు 2 పాయింట్లు, ప్లాస్టిక్‌కు సున్నా. మూడో స్టీలు గ్లాసు లెక్కకు రాదు, ఎందుకంటే అవతలి జట్టు రాయి ఒకటి దానికన్నా దగ్గరగా ఉంది. ఒక్కో జట్టు 8 రాళ్లు వేశాక ఇలా లెక్క చూస్తారు, దాన్ని ఒక ఎండ్ అంటారు, ఎండ్‌లో పాయింట్లు ఒక జట్టుకే వస్తాయి. గ్లాసులు అటూ ఇటూ మార్చి పిల్లల చేత నాలుగుసార్లు లెక్క చెప్పిస్తే చాలు, తర్వాత వాళ్లే మీకు చెబుతారు.

రాయి గురించి కూడా ఒక మాట. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు చూసినవాళ్లకు ఏ రాయైనా సరిపోదా అనిపిస్తుంది, కానీ ఇందులో నీళ్లు ఇంకకూడదు, ఇంకితే ఐస్ మీద గడ్డకట్టి రాయి పగులుతుంది. అందుకే పెద్ద పోటీల రాళ్లకు స్కాట్లాండ్ తీరానికి అవతల ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి గ్రానైట్ వాడతారు.

ఇక అసలు సంగతి. ఎండ్‌లో ఆఖరి రాయి ఎవరిదో ముందే చూసుకోండి, దాన్ని హ్యామర్ అంటారు. పాయింట్లు తీసిన జట్టు తర్వాతి ఎండ్‌లో హ్యామర్ అవతలివాళ్లకు ఇవ్వాలి. ఎవరికీ పాయింట్ రాకపోతే హ్యామర్ ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది. దీన్ని బట్టే ఆట మొత్తం నడుస్తుంది: హ్యామర్ ఉన్న జట్టు ఒక్క పాయింట్‌తో తృప్తి పడదు, 2 తీయాలని చూస్తుంది, కుదరదనుకుంటే కావాలనే ఆఖరి రాయితో హౌస్ ఖాళీ చేసి సున్నాతో సరిపెట్టుకుంటుంది. లేని జట్టు వాళ్లను ఒక్కదానికి కట్టేయడానికో, లేదా తనే ఒకటి దొంగిలించడానికో చూస్తుంది. హౌస్‌కు ముందు అడ్డంగా పెట్టే రాళ్లు గార్డులు, మొదటి 5 రాళ్లు పడేదాకా అవతలివాళ్ల గార్డును ఆటలోంచి బయటికి కొట్టకూడదు. క్యారమ్స్‌లో లాగా అడ్డం వచ్చినదాన్ని వెంటనే లేపేయడం కుదరదన్నమాట.

మిక్స్‌డ్‌లో అందం వరసలో ఉంది. ఆడ, మగ ఒకరి తర్వాత ఒకరు వేయాలి, ఎవరు ముందన్నది జట్టు ఇష్టం, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. స్కిప్, అంటే కెప్టెన్, మగవాడైతే వైస్ స్కిప్, అంటే ఉపకెప్టెన్, ఆడమనిషే అయి ఉండాలి, స్కిప్ ఆడమనిషైతే వైస్ స్కిప్ మగవాడు. స్కిప్ హౌస్ దగ్గర నిలబడి బ్రష్‌తో గురి చూపిస్తే, వేసేవాళ్లు వేస్తారు, మిగిలిన ఇద్దరు రాయి ముందు ఊడుస్తారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. స్కిప్ నాలుగో స్థానంలో వేసే మగవాడనుకుందాం, రెండో స్థానంలోనూ మగవాడే ఉంటాడు, అతను వేసేటప్పుడు ఊడ్చేది ఒకటో, మూడో స్థానాలవాళ్లు, అంటే ఇద్దరూ ఆడవాళ్లే. గట్టిగా ఊడిస్తే రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా వెళ్తుంది. ఎవరి చేతి బలం ఏ రాయికి పనికొస్తుందో లెక్కేసుకుని వరస పెట్టుకుంటారు, అది గమనిస్తూ చూస్తే టెన్షన్ మీకూ పట్టుకుంటుంది.

ఏ జట్టును చూడాలంటే, కెనడాను వదలొద్దు, 2018, 2019, 2022లో వాళ్లే గెలిచారు. కానీ 2018 ఫైనల్లో వాళ్లతో ఆడింది స్పెయిన్. మంచు దేశాలవాళ్లే ఫైనల్‌కు వస్తారనుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి. ఒలింపిక్స్‌లో బ్రిటన్‌గా ఆడే స్కాట్లాండ్ ఇక్కడ సొంత పేరుతో దిగుతుంది, 2017లో గెలిచింది కూడా.

పోటీలు ఎక్కువసార్లు అక్టోబర్‌లోనే జరిగాయి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అయితే అక్కడ సాయంత్రం 4 గంటలంటే మనకు రాత్రి 8:30, అన్నాలు తిని కూర్చోవడానికి సరిపోతుంది. కెనడాలోని కెలోనాలాంటి చోటైతే అక్కడ పొద్దున 9 గంటల మ్యాచే మనకు రాత్రి 9:30కి వస్తుంది, ఆ తర్వాతివి చూడాలంటే నిద్ర మానుకోవాలి. మన దగ్గర వానల కాలం, కరెంటు మీద నమ్మకం పెట్టుకోకుండా ఫోన్ చార్జింగ్ నింపుకోండి. మొత్తం చూసే తీరిక లేకపోతే 6వ ఎండ్ నుంచి పెట్టండి, ఆట 8 ఎండ్లే.

మధ్యలోనే జట్లు చేతులు కలుపుకుని వెళ్లిపోతే స్ట్రీమింగ్ ఆగిందనుకోకండి, గెలిచే దారి లేదని తెలిసినవాళ్లు అలా ఒప్పుకుంటారు. 8 ఎండ్ల తర్వాత స్కోరు సమానమైతే ఇంకో ఎండ్ ఆడతారు, అందులో హ్యామర్ 8వ ఎండ్‌లో పాయింట్ తీయని జట్టుది.