విశాఖలో సెకండ్ హ్యాండ్ కారు: స్విఫ్టా, ఆల్ట్రోజా తేల్చుకోవడం ఎలా

ఒకే ధరలో మారుతి స్విఫ్ట్, టాటా ఆల్ట్రోజ్ రెండూ దొరికితే చాలామంది ముందు మైలేజీ అడుగుతారు. విశాఖలో ముందు అడగాల్సింది, బండి రాత్రిళ్లు ఎక్కడ ఆగేదని. సముద్రం పక్కన లాసన్స్ బే, రుషికొండ వైపు ఉప్పుగాలిలో ఆరుబయట నాలుగేళ్లు నిలిచిన కారుకీ పెందుర్తిలో షెడ్డు కింద ఉన్న కారుకీ తుప్పులోనే తేడా తెలిసిపోతుంది. నంబరు ప్లేటు చూసి చెప్పలేం: ఏపీ31 అంటే విశాఖ అని ఒకప్పుడు తెలిసేది, 2019లో ఏపీ39తో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ మొదలైంది. పాత ఇన్సూరెన్స్ పాలసీల మీద అడ్రస్ చూడండి.

ఆ తర్వాత రెండు బండ్లనూ లిఫ్ట్ ఎక్కించండి. సైలెన్సర్ మీద పైపై తుప్పు మామూలే, కంగారొద్దు. చూడాల్సినవి బ్రేక్ పైపులు, సస్పెన్షన్ ఆర్ములు, వెల్డింగ్ అతుకులు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే పొరలుగా రాలుతోందా, ఏ బ్రాండైనా వదిలేయండి. అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టించి ఉంటే ఇంకా అనుమానించాలి. తుప్పు మీద కోటింగ్ కొడితే తేమ లోపలే చిక్కుకుని రేకుని తినేస్తుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడండి. డోర్ల అడుగు అంచుల్లో నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే తుప్పు లోపలినుంచి మొదలవుతుంది. ముందు గ్రిల్‌లోంచి టార్చి వేసి ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా చూడండి. తెల్లటి పొడి కట్టి, తాకితే రాలుతుంటే త్వరలో గ్యాస్ లీకవుతుంది. కొత్త కండెన్సర్ ఖర్చు ధరలో తగ్గించమనండి.

బీచ్ రోడ్డు మీద ట్రయల్ వేస్తే ఏ కారైనా బాగానే ఉంటుంది. నలుగురు కూర్చుని, ఏసీ వేసి సింహాచలం ఘాట్ ఎక్కించండి. పెట్రోల్ ఆల్ట్రోజ్‌ది మూడు సిలిండర్ల ఇంజన్, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) కాస్త వణుకుతుంది. అది లోపం కాదు. 2024 కొత్త మోడల్ రాకముందు స్విఫ్ట్ పెట్రోల్‌ది నాలుగు సిలిండర్లు, అందుకే నునుపు. నాలుగో గేరులో ఎక్కుతూ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) స్విఫ్ట్ అయితే ఎత్తు మీద ఆపి, బ్రేక్ వదిలితే ఎంత వెనక్కి జారుతుందో చూడండి.

మైలేజీ లెక్క కాగితం మీద తేలిపోతుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే లీటరుకి 16 ఇచ్చే బండి 750 లీటర్లు తాగుతుంది, 20 ఇచ్చేది 600. లీటరు 110 రూపాయలనుకుంటే తేడా ఏడాదికి 16,500. మైలేజీ కోసం లక్షన్నర ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు!

భద్రతలో మా ఓటు ఆల్ట్రోజ్‌కే. 2020లో కార్లను గుద్ది పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి పెద్దల రక్షణలో 5 స్టార్లిచ్చింది. స్విఫ్ట్‌కి 2018లో 2, 2022లో 1. ఈ మధ్యలో పరీక్షే కఠినమైంది కాబట్టి 2020 స్టార్లను 2022 స్టార్లతో నేరుగా పోల్చకూడదు. ఆల్ట్రోజ్‌ని స్విఫ్ట్ 2018 ఫలితం పక్కనే పెట్టండి. అమ్ముకునేటప్పుడు మాత్రం స్విఫ్ట్ తొందరగా పోతుంది. కొనేటప్పుడు బేరం తగ్గనిదీ అందుకే.

ఒడిశా ప్లేటు బండి చవగ్గా వస్తుంటే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి. లోన్ ఉన్న బండికి బ్యాంకు సంతకంతో ఫారం 35 (లోన్ తీరిందని ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం) చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.